4 జీబీ దగ్గర తెగిపోయిన పెళ్ళి: ఒక జిప్ ఫైల్ కేసు

ఆ పెద్దాయన పెన్‌డ్రైవ్‌ను జేబురుమాలులో మూటగట్టుకుని తెచ్చారు. తిరుపతిలో తిలక్ రోడ్డు పక్క సందులో, మేడ మీద నాది చిన్న షాపు. ఆల్బమ్ డిజైనింగ్, పాత ఫొటోల స్కానింగ్, పోయిన ఫొటోలు వెనక్కి తీయడం నా పని. మాఘమాసం ముహూర్తాలు జోరుగా సాగుతున్న రోజులవి.

"చిన్నమ్మాయి పెళ్ళి సామీ. తిరుచానూరులో చేసినాము. ఫొటోలన్నీ జిప్ చేసి దీంట్లో పెట్టి ఇచ్చినారు. మా పెద్దమ్మాయి డల్లాస్‌లో ఉంది. నెలలు నిండినాయి, చెల్లెలి పెళ్ళికి రాలేకపోయింది. దినామూ ఫోన్ చేసి ఫొటోలేవి నాయనా అంటా ఉంది. ఇదేమో తెరుచుకోవడమే లేదు."

పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఒకే ఒక్క జిప్ ఫైలు, అంటే చాలా ఫైళ్ళను కలిపి కట్టిన మూట. డబుల్ క్లిక్ చేస్తే ఫోల్డర్ చెల్లదని విండోస్ చెబుతోంది. రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో సైజు చూశాను. 4,29,49,67,295 బైట్లు. ఆ అంకె చూడగానే సంగతి అర్థమైంది. ఈ పనిలో ఉన్నవాళ్ళకు అది ఇంటి నంబరులా గుర్తుండిపోతుంది.

చాలా పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటాయి. ఆ పద్ధతిలో ఒక ఫైలు ఎంత పెద్దదో రాసుకోవడానికి 32 బిట్ల చోటే ఉంటుంది. 32 బిట్లలో పట్టే అతి పెద్ద అంకె సరిగ్గా 429 కోట్ల 49 లక్షల 67 వేల 295. అంటే 4 జీబీకి ఒక్క బైటు తక్కువ. పెన్‌డ్రైవ్ 64 జీబీదైనా, 128 జీబీదైనా అందులో ఒక్కో ఫైలు దీన్ని దాటదు. పెద్ద ఫైలును కాపీ చేయబోతే విండోస్ ముందే అడ్డుకుంటుంది. కానీ జిప్ చేసే సాఫ్ట్‌వేర్‌కు "నేరుగా పెన్‌డ్రైవ్‌లోనే తయారుచెయ్" అని చెబితే అది రాసుకుంటూ పోతుంది, 4 జీబీ దగ్గర గోడకు కొట్టుకుని ఆగిపోతుంది. స్క్రీన్ మీద ఎర్రర్ బాక్సు వస్తుంది. ముహూర్తాల సీజన్‌లో, అర్ధరాత్రి పనిలో, ఆ బాక్సు చూడకుండా ఓకే కొట్టేసినవాళ్ళు ఎవరో మనకు అనవసరం. అంతమంది పెళ్ళివాళ్ళు మీద పడి అడుగుతుంటే ఎవరికైనా జరగొచ్చు. అందుకే స్టూడియో పేరు ఇక్కడ రాయడం లేదు. జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఇదే పద్ధతిలో ఇవాళ్టికీ చాలాచోట్ల ఫొటోలు ఇస్తున్నారు కాబట్టి.

తెగిన ఫైల్లో ఏముంది

జిప్‌ను తయారుచేసినవాడు అమెరికాకు చెందిన ఫిల్ కట్జ్. 1989లో వచ్చింది. ఏ జిప్ ఫైలునైనా, బైట్లను నేరుగా చూపించే హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే మొట్టమొదట కనిపించేవి 'పీ', 'కే' అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు. ఆయన పేరులోని పొడి అక్షరాలే అవి. లోపల ప్రతి ఫొటోకూ ముందు మళ్ళీ అవే రెండక్షరాలు, ఆ వెంటనే ఫొటో పేరు, సైజు, ఆ తర్వాత ఫొటో ఉంటాయి. ఇలా అన్ని ఫొటోలూ వరసగా అయ్యాక ఫైలు చిట్టచివర ఒక విషయసూచిక ఉంటుంది. ఏ ఫొటో ఎన్నో బైటు దగ్గర మొదలవుతుందో అందులో రాసి ఉంటుంది. విండోస్ ముందు వెతికేది ఈ చివరి సూచికనే. అది కనిపించకపోతే ముందున్న ఫొటోలన్నీ భద్రంగా ఉన్నా సరే, ఇది జిప్పే కాదంటుంది.

మన ఫైలు మధ్యలో తెగింది కాబట్టి సూచిక రాయడం దాకా పని రాలేదు. కానీ ఒక్కో ఫొటో ముందున్న చీటీలు అలాగే ఉన్నాయి. సెవెన్‌జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెరిస్తే "ఫైలు అర్ధంతరంగా ముగిసింది" అని హెచ్చరించి, మొదటినుంచి నడుచుకుంటూ పోయి ఉన్నవి ఉన్నట్టు బయటపెట్టింది. 536 ఫొటోలు పూర్తిగా వచ్చాయి. 537వది పైన సగం ఫొటో, కింద సగం బూడిదరంగు.

పెద్దాయన ముఖం వెలిగింది. నేను మాత్రం ఆ 536 ఫొటోలూ తిప్పుతూ మాట్లాడలేకపోయాను.

మన చిత్తూరు వైపు పెళ్ళి వరస తెలిసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. ముందురోజు రాత్రి రిసెప్షన్, తెల్లవారుజామున ముహూర్తం. జిప్ చేసే సాఫ్ట్‌వేర్ ఫైళ్ళను పేర్ల వరసలో తీసుకుంటుంది. కెమెరా ఫొటోలకు వేసే నంబర్లు కాలక్రమంలో ఉంటాయి. కాబట్టి మిగిలిన 536 ఫొటోలూ రిసెప్షన్ స్టేజీవే. వరసగా చుట్టాలు, చేతుల్లో కవర్లు, ఒకే సోఫా, వెనక ఒకే పూల డెకరేషన్. జీలకర్ర బెల్లం లేదు. మాంగల్యధారణ లేదు. తలంబ్రాలు లేవు. అప్పగింతలు లేవు. రెండో కెమెరా ఫోల్డరు అసలు మొదలే కాలేదు. అక్క చూడాలనుకున్న పెళ్ళి మొత్తం ఆ 4 జీబీ గోడకు అవతలే ఉండిపోయింది.

కార్డులు

కెమెరా మెమరీ కార్డుల కోసం ఫోన్ చేస్తే స్టూడియో అబ్బాయి చాలా టెన్షన్ పడ్డాడు. "అన్నా, రెండు కార్డులూ ఫార్మాట్ కొట్టేసినా. ఒక దాంట్లో మొన్న చెవులు కుట్టే ఫంక్షన్ కూడా తీసినా." ఉన్న పళంగా రెండూ పట్టుకుని రమ్మన్నాను. ఎల్లుండే ఇంకో ముహూర్తం ఉందన్నాడు. అతని పని ఆగకూడదని నా దగ్గరున్న రెండు కొత్త కార్డులు ఇచ్చి, అతని పాత కార్డులను నా దగ్గర పెట్టుకున్నాను.

కార్డు చేతికి రాగానే మొదట చేసింది, పక్కనున్న చిన్న లాక్ మీటను కిందికి జరపడం. ఎడమ పక్కన గోరంత ఉంటుంది అది. దానివల్ల కంప్యూటరు పొరపాటున కూడా కార్డు మీద ఏమీ రాయదు. తర్వాత కార్డును మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా నకలు తీసి, ఆ నకలు మీదే పనిచేశాను. అసలు కార్డు మీద ప్రయోగాలు చేయకూడదు. ఈ ఒక్క నియమం పాటించక ఫొటోలు పోగొట్టుకున్నవాళ్ళు నా దగ్గరికి నెలకొకరైనా వస్తుంటారు.

కెమెరాలో కొట్టే ఫార్మాట్ సాధారణంగా ఫొటోలను చెరపదు. ఏ ఫొటో ఎక్కడుందో చెప్పే పట్టికను మాత్రం ఖాళీ చేస్తుంది. ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పట్టికతో పనిలేకుండా, జేపెగ్ (కెమెరా ఫొటోలు దాచే ఫైలు రకం) మొదలయ్యే గుర్తులను కార్డంతా వెతికి ఫొటోలు తీస్తుంది. రెండో కెమెరా కార్డు ఫార్మాట్ తర్వాత వాడలేదు. 1,385 ఫొటోలూ వచ్చేశాయి.

అసలు భయం మొదటి కార్డు గురించి. దాని మీద చెవులు కుట్టే ఫంక్షన్ తీశారు. ఇక్కడే కేసు మలుపు తిరిగింది. ఫార్మాట్ అయిన కార్డు మీద కెమెరా మళ్ళీ మొదటినుంచి రాసుకుంటూ వస్తుంది. కాబట్టి కొత్త ఫొటోలు చెరిపేసింది పెళ్ళిలో మొదట తీసినవాటిని, అంటే రిసెప్షన్‌ను. ఆ రిసెప్షన్ ఫొటోలు తెగిపోయిన జిప్‌లో పదిలంగా ఉన్నాయి. జిప్‌లో తల మిగిలింది, కార్డులో తోక మిగిలింది.

అంకెలు ఇలా వచ్చాయి. కార్డులో మొదటి 374 పెళ్ళి ఫొటోలు పోయాయి, 375వది సగం దెబ్బతింది. 376 నుంచి చివరిదాకా 1,265 ఫొటోలు బాగున్నాయి. జిప్‌లో 1 నుంచి 536 దాకా ఉన్నాయి. రెండిట్లోనూ ఉన్నవి 161. ఈ 161 నాకు బంగారంలాంటివి. ఒకే ఫొటో రెండు వేరువేరు దారుల్లో నా దగ్గరికి వచ్చింది కదా, రెండిటికీ షా-256 అనే వేలిముద్రలాంటి అంకె తీసి పోల్చాను. ఫొటోలో ఒక్క బిట్ మారినా ఈ అంకె పూర్తిగా మారిపోతుంది. 161కి 161 సరిపోయాయి. జిప్‌నూ నమ్మొచ్చు, కార్డునూ నమ్మొచ్చు.

మరి మొత్తం ఎన్ని ఉండాలి? మధ్యలో ఏవైనా జారిపోలేదని ఎలా తెలుస్తుంది? కెమెరా నంబర్లు చెప్పాయి. జిప్‌లో మొదటి పెళ్ళి ఫొటో నంబరు 3112. చెవులు కుట్టే ఫంక్షన్‌లో మొదటి ఫొటో నంబరు 4752. తేడా 1,640. జిప్‌లోని 536, కార్డులోని 537 నుంచి మిగతా 1,104 కలిపితే 1,640. ఒక్కటి కూడా తగ్గలేదు. కెమెరాలో ఫొటోలు డిలీట్ చేసే అలవాటు ఆ అబ్బాయికి లేకపోవడం ఇక్కడ కలిసొచ్చింది. రెండు కెమెరాలూ కలిపి 3,025 ఫొటోలు, 24.2 జీబీ.

పెద్దాయనకు స్క్రీన్ మీద మాంగల్యధారణ ఫొటో చూపించాను. చాలాసేపు చూసి, "మా ఆమెను పిలుచుకొని వస్తా ఉండండి సామీ" అని లేచి వెళ్ళారు.

మళ్ళీ మూట కట్టడం

ఇక్కడినుంచి రాసేదే ఈ కేసులో నాకు ముఖ్యం. రికవరీ అనేది దారి తప్పాక చేసే పని. మూట సరిగ్గా కట్టి ఉంటే ఆ అవసరమే రాదు.

ఫొటోరెక్ తీసిన ఫొటోలకు పాత పేర్లు ఉండవు, ఏవో అంకెలు ఉంటాయి. కానీ ఫొటో తీసిన తేదీ, గంట, సెకను ఫొటో లోపలే ఎగ్జిఫ్‌లో రాసి ఉంటాయి. దాన్ని బట్టి ప్రతి ఫొటోకూ తేదీ, సమయం, ఏ కెమెరాదో చెప్పే అంకె, వరస సంఖ్య కలిసి వచ్చేలా పేరు పెట్టాను. ఏ కెమెరాదో చెప్పే అంకె తప్పనిసరి. ఒకే కంపెనీ కెమెరాలు రెండుంటే రెండిట్లోనూ ఒకే నంబరున్న ఫొటోలు ఉండొచ్చు. రెండూ ఒకే ఫోల్డర్‌లో పోస్తే "పాతదాని స్థానంలో పెట్టమంటారా" అని విండోస్ అడుగుతుంది. తొందరలో అవును అంటే అంతే సంగతులు. ఒక ఫొటో మీద ఇంకోటి కూర్చుంటుంది, లెక్క తగ్గినట్టు కూడా ఎవరికీ తెలియదు.

సమయం ప్రకారం పేర్లు పెట్టాక చూస్తే అప్పగింతలు అవుతున్న మధ్యలో తలంబ్రాలు కనబడ్డాయి. రెండో కెమెరా గడియారం తప్పు. ఎంత తప్పో చెప్పే ఫొటో ఒకటి దొరికింది. మండపం స్తంభానికి ఉన్న గోడ గడియారం ఆ ఫ్రేములో మూలగా పడింది. జూమ్ చేస్తే ముళ్ళు 4:52 చూపిస్తున్నాయి. ఎగ్జిఫ్‌లో 5:09 ఉంది. మొదటి కెమెరా తీసిన ఫొటోలో అదే గడియారం, ఎగ్జిఫ్ సరిపోయాయి. రెండో కెమెరా ఫొటోలన్నిటినీ 17 నిమిషాలు వెనక్కి జరిపాను. పెళ్ళి మళ్ళీ వరసలోకి వచ్చింది.

ఫైలు పేర్లూ ఫోల్డర్ పేర్లూ ఇంగ్లీషు అక్షరాల్లోనే పెడతాను. తెలుగు మీద ప్రేమ లేక కాదు. జిప్ పుట్టినప్పుడు పేర్లు రాయడానికి అమెరికా కంప్యూటర్ల అక్షరాల పట్టికనే వాడారు. అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8లో పేరు రాశామని గుర్తుపెట్టే వీలు 2006లో గాని జిప్ ప్రమాణంలోకి రాలేదు. పాత సాఫ్ట్‌వేర్‌తో కట్టిన జిప్‌లో 'తలంబ్రాలు' అని పెట్టిన ఫోల్డరు అవతల కంప్యూటర్లో గీతలూ డబ్బాలుగా తెరుచుకోవడం నేను చూశాను. తెలుగు పేర్లతో ఒక చిన్న పట్టిక విడిగా పెట్టాను, ఏ నంబరు ఫోల్డర్‌లో ఏ తంతు ఉందో చెప్పేది.

కస్టమర్లందరూ అడిగే ప్రశ్న పెద్దాయన కూడా అడిగారు. "జిప్ చేస్తే క్లారిటీ పోతుందంట కదా సామీ?"

పోదు. ఈ అపోహ మన ఊళ్ళో బలంగా ఉంది కాబట్టి గట్టిగా చెప్పాలి. జిప్‌లో పెట్టి తీసిన ఫొటోలో ఒక్క బిట్ కూడా మారదు. క్లారిటీ పోయేది వాట్సాప్‌లో మామూలుగా ఫొటోగా పంపినప్పుడు. అప్పుడు ఫొటో చిన్నదవుతుంది, తీసిన తేదీ వివరాలు కూడా పోతాయి. అదే ఫొటోను డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళుతుంది.

దీనికి అవతలి చివర ఇంకో అపోహ ఉంది, జిప్ చేస్తే సైజు బాగా తగ్గుతుందని. జేపెగ్ ఫొటోలకు అది జరగదు. ముహూర్తం ఫొటోలు సగం, 206, ఒక జిప్ చేసి చూశాను. 1,650 ఎంబీ కాస్తా 1,634 అయింది. నూటికి ఒక పాలు. కారణం సూటిగా చెప్పొచ్చు. జిప్ రెండు పనులు చేస్తుంది. ముందు వచ్చిన వరసే మళ్ళీ వస్తే "అక్కడిదే ఇక్కడ" అని చిన్న గుర్తు రాస్తుంది. తర్వాత ఎక్కువసార్లు వచ్చేదానికి పొట్టి కోడు, అరుదుగా వచ్చేదానికి పొడుగు కోడు ఇస్తుంది, దీన్ని హఫ్‌మన్ కోడింగ్ అంటారు. జేపెగ్ ఇప్పటికే మన కంటికి ఆనని వివరాలను వదిలేసి, మిగిలినదాన్ని అదే హఫ్‌మన్ కోడింగ్‌తో బిగించేసి ఉంటుంది. గట్టిగా పిండి ఆరేసిన బట్టను మళ్ళీ పిండితే ఏం కారుతుంది?

అందుకే జేపెగ్‌లకు నేను 'స్టోర్' పద్ధతి వాడతాను. సెవెన్‌జిప్‌లో కంప్రెషన్ లెవెల్ దగ్గర ఉంటుంది. కుదించడం ఉండదు, ఒక చోట కట్టడమే. ఆ 206 ఫొటోలకు 14 సెకన్లు పట్టింది. మామూలు పద్ధతికి నిమిషం దాటింది. ఇంకో లాభం కూడా ఉంది. స్టోర్ పద్ధతిలో ఫొటో బైట్లు జిప్‌లో యథాతథంగా ఉంటాయి. రేపు జిప్ ఎంత ఘోరంగా చెడినా, కార్డునుంచి తీసినట్టే ఫొటోరెక్‌తో అందులోంచి ఫొటోలు ఏరుకోవచ్చు.

ఏమీ తగ్గనప్పుడు జిప్ ఎందుకంటారా? 3,025 విడి ఫొటోలు పంపితే రెండో మూడో రాకపోయినా ఎవరూ గమనించరు. మూటగా పంపితే మూట వచ్చిందో లేదో తెలుస్తుంది, ముడి సరిగా ఉందో లేదో పరీక్షించొచ్చు. నాకు జిప్‌తో పని అంతవరకే, సైజు కోసం కాదు.

అమ్మమ్మ ఆల్బమ్

ఈ పని జరుగుతుండగానే పెద్దాయన భార్య ఇంట్లోంచి పాత ఆల్బమ్ తెచ్చారు. "మా పెద్దదానికి ఇవి కూడా పంపించండి నాయనా, దానికి మా అమ్మంటే ప్రాణం." 186 ఫొటోలు. 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కలతో, కుదించని టిఫ్ ఫైళ్ళుగా స్కాన్ చేశాను. 4 అంగుళాలు 6 అంగుళాల ఫొటోకు అడ్డం 2,400, నిలువు 3,600 చుక్కలు, ఒక్కో చుక్కకు 3 బైట్లు. ఒక్క ఫొటో దాదాపు 26 ఎంబీ. మొత్తం 4.8 జీబీ.

ఇవి పిండని బట్టలు. జిప్ చేస్తే 4.1 జీబీకి దిగాయి. నేను ఇంకా ఎక్కువ ఆశించాను. పక్కపక్క చుక్కల రంగులు దగ్గర దగ్గరగా ఉంటాయిగానీ అచ్చంగా ఒకటి కావు. 151, 152, 150, 153 అన్న వరసలో జిప్‌కు మళ్ళీ వచ్చే ముక్కలు దొరకవు. పైగా పాత ఫొటోల్లో చాలావాటికి ఆ రోజుల్లో వాడిన గరుకు కాగితం, స్కానర్ దాని గుంటలు కూడా పట్టుకుంటుంది. అవే టిఫ్‌లను పీఎన్‌జీ అనే ఇంకో ఫొటో ఫైలు రకంగా మార్చితే 3.1 జీబీ అయ్యాయి. పీఎన్‌జీ లోపల ఉన్నదీ జిప్‌లో ఉన్న, పైన చెప్పిన రెండు పనుల పద్ధతే, దాని పేరు డిఫ్లేట్. తేడా ఏమిటంటే అది ముందుగా ప్రతి చుక్కనుంచి పక్క చుక్కను తీసేసి, తేడాలను మాత్రం రాసుకుంటుంది. పై వరస 1, −2, 3 లాగా చిన్న అంకెలైపోతుంది. అవి బాగా కుదించుకుపోతాయి. పీఎన్‌జీలోనూ ఒక్క బిట్ పోదు. కాబట్టి డల్లాస్‌కు పీఎన్‌జీలు పంపి, టిఫ్‌లు ఇంటి డిస్క్‌లో ఉంచాను.

వాటిలో ఒక ఫొటోలో అమ్మమ్మ గోవిందరాజస్వామి గుడి గాలిగోపురం ముందు చంకలో పిల్లతో నిలబడింది. వెనక అట్ట మీద పెన్సిల్‌తో ఏదో రాసి ఉంటే వెనక వైపూ స్కాన్ చేశాను. పాత ఫొటోలు స్కాన్ చేసేవాళ్ళకు నా మనవి ఇదే, వెనక్కి తిప్పి చూడండి. ఆ రాత ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు.

ఎన్ని మూటలు, ఎంతెంత

మొత్తం 27.3 జీబీని ఒకే జిప్ చేయడం ఇవాళ సాధ్యమే. పాత జిప్ పద్ధతికీ 4 జీబీ హద్దు ఉండేది, 2001లో వచ్చిన జిప్64 అనే రూపంతో అది పోయింది. సాధ్యమైనా నేను చేయను. ఒక్కో మూట 1.9 జీబీ దాటకుండా 17 మూటలు కట్టాను, తంతుల వారీగా. 2 జీబీ లోపుంటే ఏ పెన్‌డ్రైవ్‌లోనైనా పడుతుంది, వాట్సాప్‌లో డాక్యుమెంటుగానూ వెళుతుంది. నా కనెక్షన్‌లో అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ దాకా వస్తుంది. 27.3 జీబీకి మూడు గంటలు పైనే. ఆ రాత్రి కరెంటు రెండుసార్లు పోయింది. రెండుసార్లూ నష్టపోయింది అప్పుడు వెళుతున్న ఒక్క మూటే.

ఇక్కడ చాలామంది చేసే పని, పెద్ద జిప్ చేసి దాన్ని 001, 002, 003 అని ముక్కలు చేయడం. నాకిది అసలు నచ్చదు. ఆ ముక్కలన్నీ ఒకే శరీరం. మధ్యలో 007 రాకపోతే మిగతావి పట్టుకుని కూర్చోవాలి. విడి మూటలైతే ఏడోది పోయినా పదహారు తెరుచుకుంటాయి. ఇదే కారణంతో సెవెన్‌జిప్ సొంత రకమైన సెవెన్‌జెడ్ ఫైళ్ళకూ దూరం. అందులో మామూలుగా ఫైళ్ళన్నిటినీ ఒకే దారంగా చేసి కుదిస్తుంది, సాలిడ్ అంటారు. మొదట్లో దారం తెగితే వెనకున్నవాటికీ ముప్పే. ఆఫీసు కాగితాలకు అది గొప్ప పద్ధతి, ఫొటోలకు దానివల్ల ఒరిగేది లేదు.

పాస్‌వర్డ్ పెట్టలేదు. పదేళ్ళ తర్వాత ఆ పాస్‌వర్డ్ ఎవరికి గుర్తుంటుంది? ఇంట్లో ఉంచే బ్యాకప్‌కు బీరువా తాళమే చాలు. నెట్‌లో పెట్టిన లింకును మాత్రం పెద్దమ్మాయి మెయిల్‌కే తెరుచుకునేలా పెట్టాను.

ముడి పరీక్ష

ఆ స్టూడియోలో జరగనిది ఇదొక్కటే. జిప్ చేస్తున్నప్పుడు ప్రతి ఫొటోకూ సీఆర్‌సీ-32 అనే 32 బిట్ల అంకె లెక్కకట్టి పక్కన రాస్తుంది. సెవెన్‌జిప్‌లో 'టెస్ట్' నొక్కితే మళ్ళీ లెక్కకట్టి పోల్చి చూస్తుంది. చెడిపోయిన ఫొటో యాదృచ్ఛికంగా సరిపోయే అవకాశం దాదాపు 429 కోట్లలో ఒకటి. మనల్ని ముంచిన 32 బిట్ల అంకే ఇక్కడ కాపలా కాస్తుంది.

టెస్ట్ చేయాల్సింది నా కంప్యూటర్‌లో ఉన్న మూటను కాదు, చేరాల్సిన చోటుకు చేరిన మూటను. పెన్‌డ్రైవ్‌కో డిస్క్‌కో కాపీ చేశాక, దాన్ని ఎజెక్ట్ చేసి, పీకి, మళ్ళీ పెట్టి అప్పుడు టెస్ట్ చేయాలి. పీకకుండా చేస్తే విండోస్ తన మెమరీలో మిగిలిన కాపీనే చదివి అంతా బాగుందని చెప్పొచ్చు. రెండు నిమిషాల పని. మా కుర్రాడికి మొదటిరోజే నేర్పిస్తాను.

4 జీబీ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన రెండు డిస్క్‌లలో కాపీలు పెట్టాను. ఒకటి తిరుపతిలో వాళ్ళింట్లో, ఒకటి చిత్తూరులో పెద్దాయన అన్నగారింట్లో. మూడోది నెట్‌లో. మూడు కాపీలు, రెండు రకాల చోట్లు, ఒకటి వేరే ఊళ్ళో అనే ఈ సూత్రాన్ని ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారం చేశాడు. మన ఊళ్ళో దీనికి వేరే వివరణ అక్కర్లేదు. 2021 నవంబరు వరదల్లో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చినప్పుడు ఒకే బీరువాలో రెండు కాపీలు ఉంటే ఏమయ్యేదో తిరుపతిలో ఎవరినడిగినా చెబుతారు. ఉచితంగా వచ్చే గూగుల్ డ్రైవ్ 15 జీబీ దీనికి చాలదు, మెయిళ్ళూ ఫొటోలూ అన్నీ అందులోనే కదా. అల్లుడు తన పెయిడ్ అకౌంట్‌లో చోటిచ్చారు.

చివరి మెట్టు పెద్దాయనదే. ఏ మూటలో ఎన్ని ఫొటోలున్నాయో నేను చెబుతుంటే శుభలేఖ వెనక ఖాళీలో వరసగా రాసుకున్నారు. 'ముహూర్తం ఎ 206, ముహూర్తం బి 206, అప్పగింతలు 148' అని. షా అంకెల ఫైలు కూడా ఇచ్చాను గానీ, ఇంట్లో వాళ్ళు మనసులో పెట్టుకునేది ఈ లెక్కే.

మర్నాడు సాయంత్రం షాపులో స్పీకర్‌ఫోన్ పెట్టి కూర్చున్నారు. డల్లాస్‌లో ఆమె ఒక్కో మూటనూ ముందు పూర్తిగా బయటికి విప్పి, ఆ తర్వాత లెక్కచూసి చెబుతోంది. జిప్ లోపలే తొంగిచూస్తే సరిపోదని ముందే చెప్పి ఉంచాను. పెద్దాయన శుభలేఖ మీద టిక్కులు పెడుతున్నారు. పది మూటలు సరిపోయాయి. పదకొండోది, అప్పగింతలు, తెరుచుకోలేదు. అమ్మాయి గొంతు మారిపోయింది. "నాయనా, ఇది కూడా పోయిందా?"

టెస్ట్ చేయమన్నాను. ఎర్రర్. సైజు అడిగితే ఉండాల్సినదానికంటే తక్కువ చెప్పింది, డౌన్‌లోడ్ మధ్యలో ఆగిపోయింది. ఆ ఒక్కటీ మళ్ళీ దించుకోమన్నాను. ఏడెనిమిది నిమిషాలు ఫోన్‌లో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "148 నాయనా" అంది. పెద్దాయన టిక్కు పెట్టారు.

పదిహేడూ అయ్యాక స్టూడియో అబ్బాయికి ఫోన్ చేశాను. కార్డులు వచ్చి తీసుకెళ్ళమని, ఇప్పుడు ఫార్మాట్ చేసుకోవచ్చని చెప్పాను.